పొడుగు మనిషికి మోకాళ్ళు పట్టేయని రోడ్డు బండి ఏది?

దూరదారి:
అందరికీ నమస్తే. బండి మార్చాలనుకుంటున్నాను, మీ సలహా కావాలి. నా ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, అంటే 190 సెంటీమీటర్లు. బరువు 94 కిలోలు. ఇప్పుడున్న 150 సీసీ బండి మీద గంట దాటితే మోకాళ్ళు పట్టేస్తాయి, ఇంకాసేపటికి నడుము మొదలవుతుంది. బండి ఆపి కాళ్ళు చాపుకుని కాసేపు నడిస్తే తప్ప మళ్ళీ ఎక్కలేను.

నేను నడిపేదంతా తారు రోడ్డే, ఎక్కువగా హైవే. చాలాసార్లు వెనక నా భార్య కూడా ఉంటుంది. రాళ్ళూ మట్టీ ఎక్కించే సరదా నాకు లేదు. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు దాటినవన్నీ లిస్ట్ రాసుకున్నాను. ఇంటర్‌సెప్టర్ 650 అయితే 804, క్లాసిక్ 350 అయితే 805, హిమాలయన్ 450 అయితే 825, వి-స్ట్రోమ్ 650 అయితే 835. ఎత్తు ఎక్కువున్నది తీసుకుంటే సరిపోతుందా, ఇంకేమైనా చూడాలా?

చైన్‌లూబ్:
లిస్ట్ రాసుకోవడం మంచి పనే కానీ ఆ అంకెతో మీకు పెద్దగా పని లేదండి. సీటు ఎత్తు అంటే నేల నుంచి సీటు దాకా. కాళ్ళు కింద ఆనతాయో లేదో అని చూసుకునేవాళ్ళకి పనికొచ్చే కొలత అది. మీ కాళ్ళు ఏ బండి మీదైనా నేలకి ఆనతాయి. మీ మోకాలు ఎంత మడతపడుతుందో తేల్చేది సీటుకీ ఫుట్‌రెస్ట్‌కీ మధ్య ఉన్న దూరం. మామూలుగా బ్రోషర్లలో దాన్ని వేయరు.

ఉదాహరణకి యమహా ఆర్15 వి4 సీటు ఎత్తు 815. మీ లిస్ట్‌లోని ఇంటర్‌సెప్టర్‌ది 804. అంకె చూసి కొనే పనైతే ఆర్15 మీకు ఎక్కువ సుఖంగా ఉండాలి. రెండిటి మీదా కూర్చుని చూడండి, వెంటనే తెలిసిపోతుంది. మలుపులో బండి వాలినప్పుడు ఫుట్‌రెస్ట్ నేలకి రాసుకోకూడదని స్పోర్ట్స్ బండికి దాన్ని పైకీ వెనక్కీ బిగిస్తారు. సీటు ఎత్తులో పెరిగినదాన్ని ఫుట్‌రెస్ట్ తినేస్తుంది.

టేపు పట్టుకునే షోరూమ్‌కి వెళ్ళండి. మీరు నిజంగా కూర్చునే చోటు నుంచి ఫుట్‌రెస్ట్ పైభాగం దాకా ఏటవాలుగా కొలవండి. అదే కొలత ముందు మీ పాత బండి మీద తీసి రాసుకోండి. కొత్తదాంట్లో కనీసం 4, 5 సెంటీమీటర్లు ఎక్కువ రాకపోతే బండి మార్చినా మీ మోకాళ్ళ బాధ తీరదు.

త్రికోణం:
దీనికి లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇది కళ్ళతో చూస్తే తేలే విషయం కాదు. తుంటి కీలు నుంచి మోకాలికి 48 సెంటీమీటర్లు, మోకాలి నుంచి చీలమండకి 46 అనుకుందాం. మీ ఎత్తుకి అటూఇటూగా అంతే ఉండొచ్చు. ఒక బండి మీద కూర్చుంటే తుంటికీ చీలమండకీ మధ్య నేరుగా 66 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. స్కూల్లో చదివిన కొసైన్ సూత్రం వేస్తే మోకాలి కోణం 89 డిగ్రీలు వస్తుంది. అదే బండి మీద 43, 41 కొలతలున్న మనిషి కూర్చుంటే 103 దాటుతుంది.

బండి ఒకటే, కోణంలో తేడా 14 డిగ్రీలు. ఐదున్నర అడుగుల మనిషి వీడియో పెట్టి “రోజంతా నడిపాను, అలుపే లేదు” అంటే అతను నిజమే చెబుతున్నాడు. అది మీకు వర్తించదు, అంతే.

ఇంకో సంగతి. ఆ 66ని 69 చేయగలిగితే మీ కోణం 94 అవుతుంది. 72 చేస్తే 100. అంటే ప్రతి 3 సెంటీమీటర్లకీ ఐదారు డిగ్రీలు. సీటు కాస్త ఎత్తు చేయిస్తే ఏమొస్తుందిలే అనుకుంటారు గానీ, ఇంత వస్తుంది. 90కి లోపు ఉన్న బండి మీద నేను ఎక్కువసేపు కూర్చోలేను, 100 దగ్గరైతే ఇబ్బంది ఉండదు. మీరూ ఆ చుట్టుపక్కలే చూసుకోండి.

నిదానంగా_వెళ్దాం:
మరి క్రూజర్ల మాట ఎవరూ ఎత్తలేదేం? మీటియర్ 350 సీటు ఎత్తు 765, సూపర్ మీటియర్ 650 అయితే 740 మాత్రమే. లిస్ట్ ప్రకారం చూస్తే ఈ రెండూ మొదట్లోనే ఎగిరిపోతాయి. కానీ ఫుట్‌రెస్ట్‌లు ముందుకి ఉంటాయి కాబట్టి కాలు ముందుకి చాపుకుంటాం, మోకాలు తెరుచుకుంటుంది. నేను 6 అడుగుల 1 అంగుళం. మోకాళ్ళ సంగతే మర్చిపోయాను. తారు రోడ్డు, హైవే, వెనక భార్య... ఇవన్నీ క్రూజర్ పనులే కదా.

హైబీమ్:
మోకాలి వరకూ మీరన్నది ఒప్పుకుంటాను. కానీ దూరదారి గారికి నడుము నొప్పి కూడా ఉంది, అక్కడే నాకు అభ్యంతరం. పాదాలు ముందుకి వెళ్తే పైశరీరం బరువంతా వెన్నెముక అడుగు మీద పడుతుంది. గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్‌ల మీద బరువు వేసి కాస్త పైకి లేవడం కుదరదు, ఎందుకంటే పాదాలు మన బరువు కింద లేవు. దెబ్బంతా నడుముకే. పైగా క్రూజర్లలో వెనక చక్రానికి సస్పెన్షన్ కదలిక కూడా మామూలుగా తక్కువే ఉంటుంది. ఇక గాలి. చేతులు చాపి నిటారుగా కూర్చున్న పొడుగు మనిషి ఛాతీని గంటకి 100 కిలోమీటర్ల వేగంలో గాలి వెనక్కి తోస్తూ ఉంటుంది, దాన్ని ఆపుతూ హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సి వస్తుంది.

ఒంట్లో కొంచెం ముందుకి వాలు ఉంటే అదే గాలి మనల్ని మోస్తుంది. బరువు పిరుదులకీ పాదాలకీ చేతులకీ పంచుకుంటుంది. ఎక్కువ దూరాలకి అదే మంచిదని నా గట్టి అభిప్రాయం.

నిదానంగా_వెళ్దాం:
100లో వెళ్ళేవాళ్ళకి మీ మాట నిజమే హైబీమ్ గారూ. నేను 75, 80లో వెళ్తాను, అక్కడ గాలి అంత ఇబ్బంది పెట్టదు. విండ్‌స్క్రీన్ కూడా వేయించాను. గుంతల సంగతి మాత్రం ఒప్పుకోవాల్సిందే. అన్ని మోడళ్ళూ ఒకటి కావు, కొన్నిట్లో ఫుట్‌రెస్ట్ మరీ ముందుకి ఉండదు, కాస్త లేచే వీలుంటుంది. దూరదారి గారూ, మీరు ఏ వేగంలో వెళ్తారో ముందు అది చెప్పండి.

లాంగ్‌లెగ్స్:
నాది 5 అడుగుల 11 అంగుళాలు, ఆడవాళ్ళలో పొడుగే. ఇక్కడ అందరూ ఎత్తు ఒక్కటే చెబుతున్నారు, అది చాలదు. నాకు కాళ్ళు పొడుగు, నడుము పైభాగం పొట్టి. మా తమ్ముడు నాకన్నా రెండంగుళాలు ఎక్కువ, కానీ వాడికి కాళ్ళు నాకన్నా తక్కువ. ఇద్దరం ఒకే బండి నడుపుతాం. నాకు మోకాళ్ళు ఇరుకు, హ్యాండిల్ దూరం. వాడికి మోకాళ్ళు హాయిగా ఉంటాయి, హ్యాండిల్ మాత్రం ఒళ్ళోకి వచ్చినట్టుంటుందట.

చెప్పులు లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడండి. అట్టపుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పెట్టి, సైకిల్ సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కి, దాని పైఅంచు నుంచి నేలకి కొలవండి. అది మీ కాలి కొలత. సైకిల్-ఎర్గో అని ఒక సైట్ ఉంది, అందులో ఎత్తూ కాలి కొలతా ఇచ్చి మోడల్ ఎంచుకుంటే బండి మీద బొమ్మ కూర్చుని మోకాలి కోణం, ముందుకి వాలు ఎన్ని డిగ్రీలో చూపిస్తుంది. అన్ని మోడళ్ళూ ఉండవు. ఎక్కి కూర్చోవడానికి అది బదులు కాదు, ఏవి ఎక్కి చూడనక్కర్లేదో చెబుతుంది.

దూరదారి:
ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, చాలా థాంక్స్. కాలి కొలత 92 సెంటీమీటర్లు వచ్చింది. అంటే నేను లాంగ్‌లెగ్స్ గారి బాపతు, పొడుగంతా కాళ్ళలోనే ఉంది. వేగం 90, 100 మధ్య.

టేపు తీసుకుని వెళ్ళి కొన్ని ఎక్కి చూశాను. పాత బండి కన్నా 3 సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువొచ్చిన వాటిని పక్కన పెట్టేశాను. ఒకదానికి సీటు కొలత బాగానే ఉంది కానీ ట్యాంక్ పక్కన మోకాలు పెట్టే గుంట పొట్టిగా ఉండి నా మోకాలు దాని అంచు దాటిపోయింది. ట్యాంక్‌ని మోకాళ్ళతో పట్టుకుందామంటే అంచు ఎముకకి గుచ్చుకుంటోంది. ఇంకోదానికి ఎక్స్‌ట్రా ఫిట్టింగ్‌గా వేసిన లెగ్ గార్డ్‌కి మోకాలిచిప్ప తగిలింది. హిమాలయన్ 450 సీటుని 825 నుంచి 845కి మార్చే వీలుంది, పై స్థానంలో పెట్టించి కూర్చున్నాను. కాళ్ళు చాలా హాయిగా ఉన్నాయి. సూపర్ మీటియర్ మీద మోకాలు ఇంకా బాగా తెరుచుకుంది కానీ, హైబీమ్ గారు చెప్పినట్టు, బరువంతా నడుము కిందకి చేరడం నిలబడి ఉన్న బండి మీదే తెలిసింది. నా నడుముకి అది వద్దు.

మట్టి దారులు తిరగని మనిషికి హిమాలయన్ లాంటి అడ్వెంచర్ బండి ఎందుకు అని ఇంకా అనుమానంగానే ఉంది.

చైన్‌లూబ్:
ఆ అనుమానం పక్కన పెట్టండి. ఆ బండ్ల పేరు ఏదైనా, చాలావరకు తిరిగేది తారు మీదే. ముందు చక్రం పైన సస్పెన్షన్‌కి చోటు కావాలి, నిలబడి నడపడానికి చోటు కావాలి అని ఫ్రేమ్ ఎత్తుగా కట్టారు, హ్యాండిల్ ఎత్తుగా వెడల్పుగా పెట్టారు. ఆ చోటంతా మీలాంటివాళ్ళకి కలిసొస్తుంది. పెద్ద ఇంజన్లలోకి వెళ్ళగలిగితే వి-స్ట్రోమ్ 650, ఆఫ్రికా ట్విన్ 1100, బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ పొడుగువాళ్ళు ఎక్కువగా చెప్పుకునే పేర్లు. ఆఫ్రికా ట్విన్‌కీ జీఎస్‌కీ సీటు 850, 870 రెండు స్థానాల్లో పెట్టుకోవచ్చు. 1250 జీఎస్ అడ్వెంచర్ అయితే 890, 910.

ఒక్క జాగ్రత్త. 1250 జీఎస్ బరువు 249 కిలోలు, హిమాలయన్ 450 అయితే 196. ఆ బరువు ఎత్తులో ఉంటుంది. మీ కాళ్ళు పూర్తిగా నేలకి ఆనతాయి కాబట్టి ఆగి ఉన్నప్పుడు మీకు భయం లేదు, ఈ విషయంలో పొడుగు వరమే. కానీ వాలుగా ఉన్న చోట పార్క్ చేసి వెనక్కి లాగాల్సి వచ్చినప్పుడు ఆ 50 కిలోల తేడా ఎత్తుతో తీరదు.

హైబీమ్:
పొడుగువాళ్ళు కొన్నాక గానీ గమనించని విషయం ఒకటుంది, గాలి. విండ్‌స్క్రీన్ పైఅంచు దాటగానే గాలి సుడులు తిరుగుతుంది. మామూలు ఎత్తు మనిషి హెల్మెట్ ఆ సుడుల కిందే ఉంటుంది, మన హెల్మెట్ సరిగ్గా వాటి మధ్యలోకి వెళ్తుంది. తల అటూఇటూ ఊగుతుంది, చూపు అదురుతుంది, మోత. మెడ నొప్పి దీనివల్లే అని చాలామందికి తట్టదు, హెల్మెట్‌ని తప్పుపట్టి ఇంకోటి కొంటారు.

టెస్ట్ రైడ్‌లో ఇది తేల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద 80 దాటాక ఫుట్‌రెస్ట్‌ల మీద బరువు వేసి అరచేయంత పైకి లేవండి. ఊపు ఆగి గాలి బలంగా, నిలకడగా తగిలితే మీరు సుడులు దాటి శుభ్రమైన గాలిలోకి వచ్చినట్టు. అప్పుడు మీకు పొట్టి స్క్రీన్ కావాలి, లేదా అసలు వద్దు. ఇప్పుడు మామూలుగా కూర్చుని తల కొంచెం కిందకి వంచండి. నిశ్శబ్దం వస్తే పొడుగు స్క్రీన్, లేదా ఉన్నదానికే పైన బిగించే చిన్న అద్దం ముక్క సరిపోతుంది. మధ్యరకం స్క్రీన్ మనకి అన్నిటికన్నా చెడ్డది. స్క్రీన్‌కీ హెడ్‌లైట్‌కీ మధ్య కొంచెం సందు ఉంటే వెనక ఏర్పడే తక్కువ పీడనం తగ్గి సుడులు కూడా తగ్గుతాయి, అందుకే కొన్ని స్క్రీన్లకి కింద రంధ్రం ఉంచుతారు.

ఏ స్క్రీన్ వేసినా దూర ప్రయాణాలకి చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. హైవే మోత చెవులకి హాని చేస్తుంది, మనిషిని అలిసిపోయేలా కూడా చేస్తుంది.

సీటుకవర్:
సీట్లు తయారుచేసే పనిలో ఉన్నాను, రెండు మాటలు. పొడుగు మనిషి సీటు పెంచుకుంటే తల కూడా అంతే పైకి వెళ్తుంది. హైబీమ్ గారు చెప్పిన గాలి లెక్క మళ్ళీ మారుతుంది. కాబట్టి ముందు సీటు సంగతి తేల్చి, ఆ తర్వాతే స్క్రీన్ కొనండి. తిరగేసి చేస్తే రెండోసారి స్క్రీన్ కొనాల్సి వస్తుంది.

ఫోమ్ మెత్తగా ఉంటే సుఖమనుకుంటారు. షోరూమ్‌లో ఐదు నిమిషాలు కూర్చుంటే అలాగే అనిపిస్తుంది. 94 కిలోల బరువు కింద మెత్తటి ఫోమ్ గంటలో అణిగి అడుగుకి చేరుతుంది, అప్పుడు మనం కూర్చునేది ప్లాస్టిక్ బేస్ మీద. గట్టి ఫోమ్ అడుగున, పైన పల్చగా మెత్తటి పొర ఉండాలి. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, బేస్ తగిలితే ఆ సీటు మీకు ఆగదు.

ఇంకోటి, సీటు వాలు. చాలా సీట్లు ట్యాంక్ వైపు దిగువగా ఉంటాయి. కాళ్ళు పొడుగున్నవాళ్ళు వెనక్కి జరిగి కూర్చుంటారు, బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకి జారతారు, మళ్ళీ వెనక్కి నెట్టుకుంటారు. ఆ నెట్టుకోవడంలో నడుము పోతుంది. వాలు సరిచేసి 2, 3 సెంటీమీటర్లు పెంచితే సగం సమస్యలు పోతాయి.

త్రికోణం:
ఫుట్‌రెస్ట్‌లు కిందకి దించే బ్రాకెట్లు కూడా దొరుకుతాయి కదా, వాటి మాటేంటి? సీటు పెంచితే వచ్చే కోణమే వస్తుంది, తల ఎత్తు మాత్రం మారదు.

చైన్‌లూబ్:
అది నిజమే, గాలి ఇబ్బంది ఉన్నవాళ్ళకి అదే మంచి దారి. కాకపోతే మలుపులో వాలే చోటు తగ్గుతుంది, ఫుట్‌రెస్ట్ నేలకి ముందే రాసుకుంటుంది. నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు బాగా ఉన్న బండికైతే తారు మీద పర్లేదు. గేర్ లివర్, వెనక బ్రేకు పెడల్ కూడా అంత మేరా దించుకోవాలి. పెడల్ దించకుండా వదిలేస్తే పాదం ఎప్పుడూ పైకి వంచి ఉంచాల్సి వస్తుంది.

హ్యాండిల్ రైజర్లు, అంటే హ్యాండిల్‌ని పైకి లేపే దిమ్మలు, వేయించేవాళ్ళకి కూడా ఒక మాట. వేశాక ఇంజన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి పూర్తిగా తిప్పండి. కేబుల్ యాక్సిలరేటర్ ఉన్న బండిలో ఇంజన్ చప్పుడు దానంతటదే పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం. ముందు బ్రేకు గొట్టం ఎక్కడా బిగుసుకోకూడదు. అది బిగుసుకుంటే రైజర్ తీసేయండి, లేదా పొడుగు గొట్టం వేయించండి. ఈ విషయంలో సర్దుకుపోవడం వద్దు.

ఇక సస్పెన్షన్ పెంచితే మోకాళ్ళకి చోటొస్తుందని కొందరు అంటారు, రాదు. సీటూ ఫుట్‌రెస్టూ రెండూ ఫ్రేమ్‌కే ఉన్నాయి, రెండూ కలిసే లేస్తాయి. అయినా ప్రీలోడ్ (సస్పెన్షన్ స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలో ఆ సెట్టింగ్) సరిచేసుకోవాల్సిందే, వేరే కారణానికి. మీరు ఎక్కి కూర్చుంటే బండి సస్పెన్షన్ మొత్తం కదలికలో మూడో వంతు దాకా దిగాలి. హిమాలయన్ 450కి కదలిక 200 మిల్లీమీటర్లు కాబట్టి 60 చుట్టుపక్కల. వెనక మనిషి ఎక్కినప్పుడు ప్రీలోడ్ పెంచకపోతే వెనక కుంగి ముందు తేలిపోతుంది, హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది, హెడ్‌లైట్ ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది.

లాంగ్‌లెగ్స్:
వెనక కూర్చునే మనిషి సంగతి మగవాళ్ళు ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. పొడుగు మనిషి వెనక్కి జరిగి కూర్చుంటే వెనకవాళ్ళకి మిగిలే చోటు బాగా తగ్గిపోతుంది. సీటు రెండు ముక్కలైతే మంచిది, ముందు ముక్క మాత్రమే పెంచుకోవచ్చు. ఒకే సీటైతే రెండు భాగాలూ కలిపి పెంచాలి, అప్పుడు ఆవిడకి ఎక్కడం కష్టం. పైగా మీ వీపు తప్ప ఆవిడకి రోడ్డు కనిపించదు. బ్రేకు ఎప్పుడు పడుతుందో తెలియక భుజాలు బిగబట్టుకుని కూర్చోవాలి, ఆ అలుపు వేరు. దయచేసి టెస్ట్ రైడ్‌కి ఆవిడని తీసుకెళ్ళండి, గ్రాబ్ రైల్ చేతికి ఎక్కడ అందుతుందో, వెనక ఫుట్‌రెస్ట్ మీద ఆవిడ మోకాలు ఎంత మడతపడుతుందో కూడా చూడండి. త్రికోణం గారి లెక్క ఆవిడకీ వర్తిస్తుంది.

దూరదారి:
ఇద్దరం వెళ్ళి నడిపి చూశాం అక్కా, మీ మాట ప్రకారమే. హిమాలయన్ 450 మీద సీటు పై స్థానంలో ఉంచి ఇద్దరం హైవే మీద తిరిగొచ్చాం. నాకు మోకాళ్ళు ఎక్కడా బిగుసుకోలేదు. వెనక సీటు తనకి నచ్చింది, రోడ్డు పక్క నుంచి చూడగలుగుతున్నానంది. 90 దాటాక నాకు తల ఊగింది. హైబీమ్ గారు చెప్పినట్టు లేచి చూస్తే పైన గాలి శుభ్రంగా ఉంది, వంగితే నిశ్శబ్దం. రెండూ కుదురుతాయి కాబట్టి పొడుగు స్క్రీన్ వైపే వెళ్తాను, చలికాలం కూడా నడుపుతాను కదా. వి-స్ట్రోమ్ కూడా నడిపాను, అది ఇంకా సాఫీగా ఉంది. కానీ ఆ బరువు రోజూ పార్కింగ్‌లో తోసుకోవడం ఆలోచించి 450కే ఫిక్స్ అయ్యాను.

ఒక్కటే మిగిలింది. నాది 12వ నంబర్ షూ. గేర్ లివర్ కింద షూ ముందు భాగం దూర్చడానికి పాదం పక్కకి తిప్పాల్సి వస్తోంది. దీనికేమైనా ఉందా?

చైన్‌లూబ్:
ఉంది, ఖర్చు లేని పని. లివర్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్ళే సన్న రాడ్ ఉంటుంది, దానికి రెండు చివరలా లాక్ నట్లు. రెండూ వదులు చేసి రాడ్ తిప్పితే లివర్ చివర పైకో కిందకో కదులుతుంది. ఒక చివర మర (థ్రెడ్) ఎదురు దిశలో ఉంటుంది కాబట్టి నట్లు ఏ వైపు తిరుగుతున్నాయో చూసుకుని వదులు చేయండి, బలం పెట్టొద్దు. మీరు మామూలుగా వేసుకునే రైడింగ్ షూ వేసుకుని కూర్చుని, పాదం వంచకుండా దూరేంత పైకి తెచ్చి, నట్లు బిగించండి. తర్వాత మొదటి గేర్‌కి నొక్కడం కష్టమవుతోందా అని చూడండి, అయితే అర చుట్టు వెనక్కి. ఎత్తు సరిపోయినా పొడవు చాలకపోతే, ముందు కొన ముందుకీ వెనక్కీ జరిపే రకం లివర్లు విడిగా దొరుకుతాయి, మీ మోడల్‌కి సరిపోయేది అడగండి. పెడల్ ఎత్తు మార్చితే వెనక బ్రేకు లైట్ స్విచ్ కూడా ఒకసారి చూసుకోండి, కాలు పెట్టకుండానే లైట్ వెలుగుతూ ఉండకూడదు.